530017, "530017" సమానమేనా?

ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

చిరంజీవులు బుజ్జికి, చిన్నాకి తాతయ్య ఆశీస్సులు.

ప్రోగ్రామ్ రాసేటప్పుడు రెండు వేర్వేరు టైపుల (నంబర్, స్ట్రింగ్ లాంటి రకాల) విలువల మధ్య ==, అంటే ‘సమానమా’ అని అడిగే గుర్తు, పెడితే ఏమవుతుందని చిన్నా అడిగాడు. ఫోన్‌లో చెప్తే సగమే అర్థమవుతుంది, అందుకే రాస్తున్నాను.

మన పిన్‌కోడ్ 530017 తీసుకోండి. ఒకచోట అది నంబర్, ఇంకోచోట కోట్స్‌లో ఉన్న స్ట్రింగ్, అంటే ఉత్త అక్షరాల వరుస. రెండూ సమానమా అంటే హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాష అవుననదు, కాదనదు. అసలు కంపైలే చెయ్యదు, అంటే ప్రోగ్రామ్‌ని నడపడానికి సిద్ధమే చెయ్యదు. అక్కడ ==కి రెండు వైపులా ఒకే టైప్ ఉండాలి, ఆ టైప్ ‘ఈక్యూ’ (Eq) అనే టైప్ క్లాస్‌లో, అంటే ==తో పోల్చడానికి వీలున్న టైపుల జట్టులో, చేరి ఉండాలి. ఎలిక్సిర్‌ అనే ఇంకో భాష అయితే ఫాల్స్ (కాదు) అని చెప్పి ముందుకెళ్లిపోతుంది. ఫారమ్‌లోంచి స్ట్రింగ్ వచ్చి, డేటాబేస్‌లో నంబర్ ఉంటే ఆ రెండూ ఎన్నడూ కలవవు, ఎర్రర్ కూడా రాదు. ఇక వెతుక్కోవడమే! నా మట్టుకు హాస్కెల్ మొండితనమే నయం.

ఈ టైప్ క్లాస్ ఆలోచనని ఫిలిప్ వాడ్లర్, స్టీఫెన్ బ్లాట్ 1989లో ఒక పేపర్‌గా ప్రచురించారు. అంతకుముందు మిరాండా అనే భాషలో దేన్నైనా దేంతోనైనా... కాదు, ఒకే టైప్ అయితే చాలు, పోల్చనిచ్చేవారు. ఫంక్షన్లని పోలిస్తే మాత్రం ప్రోగ్రామ్ నడుస్తుండగా ఎర్రర్ వచ్చేది. రెండు ఫంక్షన్లు సమానమంటే ఏ ఇన్‌పుట్ ఇచ్చినా ఒకే జవాబు రావాలి. ఇన్‌పుట్లకి అంతు లేనప్పుడు దాన్ని అన్ని సందర్భాల్లో తేల్చే పద్ధతి లేదు. అందుకే హాస్కెల్‌లో ఫంక్షన్లకి ఈక్యూ ఇవ్వలేదు, తప్పు కంపైల్ దగ్గరే దొరుకుతుంది. మీరు సొంతంగా చేసుకున్న టైప్‌కి ‘డెరైవింగ్ ఈక్యూ’ అని రాస్తే చాలు, కన్‌స్ట్రక్టర్‌నీ (విలువని ఏ పేరుతో తయారుచేశామో దాన్నీ) లోపలి ఫీల్డులనీ అదే పోల్చుకుంటుంది.

ఇక 1, 1.0 సంగతి. బుజ్జీ, ఇది జాగ్రత్తగా చదువు. హాస్కెల్‌లో 1 == 1.0 అని నేరుగా రాస్తే ట్రూ వస్తుంది, ఎందుకంటే అలా రాసిన 1కి ముందే ఖాయమైన టైప్ లేదు, అవసరాన్నిబట్టి మారుతుంది. ఇంట్ (పూర్ణాంకం) అని ప్రకటించిన వేరియబుల్‌ని డబుల్‌తో (దశాంశ సంఖ్యతో) పోలిస్తే మళ్లీ ఎర్రరే. ఎలిక్సిర్‌లో == ట్రూ అంటుంది, టైప్‌ని కూడా చూసే కఠినమైన పోలిక === ఫాల్స్ అంటుంది. క్లోజర్ (Clojure) అనే భాషలో ఒక్క = పెడితే ఫాల్స్, == పెడితే ట్రూ. గుర్తు ఒకటే కదా అని ఒక భాష అలవాటుని ఇంకో భాషలోకి తీసుకెళ్లకండి.

ఎలిక్సిర్‌లో మ్యాప్ అంటే ఒక్కో కీ (గుర్తింపు పేరు) కింద ఒక్కో విలువ దాచుకునే పట్టిక. ఒకే మ్యాప్‌లో 1, 1.0 రెండిటినీ కీలుగా పెట్టి చూడండి. == ప్రకారం అవి సమానమే అయినా మ్యాప్‌లో రెండు వేరు కీలుగానే ఉంటాయి, మ్యాప్ కఠినమైన పోలికనే వాడుతుంది కాబట్టి.

మీ తాతయ్య