అడిగిన మాటే ఆనవాలు

పర్లాకిమిడి బజారులో ఒక నెట్ సెంటర్. నా ముందున్న పెద్దాయన కౌంటర్ మీద రేషన్ కార్డు పెట్టి, "బాబూ, ఈ ఒడిశా కార్డుకి విశాఖలో బియ్యం ఇస్తారా? చూసి చెప్పు" అన్నాడు. స్క్రీన్ మీద జవాబు రాకముందే లైన్లో ఉన్న అందరికీ అర్థమైపోయింది, ఆయన పనికి వలస వెళ్తున్నాడని. కార్డులో ఏముందో మేమెవరం చూడలేదు.

అడగనిదే అమ్మైనా పెట్టదు, నిజమే. కానీ కంప్యూటర్‌ని అడిగితే, అడిగిన సంగతి కూడా ఎక్కడో నమోదవుతుంది. ఒక రాష్ట్రం కార్డుకి ఇంకో రాష్ట్రంలోనూ రేషన్ ఇచ్చే 'వన్ నేషన్ వన్ రేషన్ కార్డ్' పథకం 2019 ఆగస్టులో ఆంధ్ర–తెలంగాణ, మహారాష్ట్ర–గుజరాత్ జతలతో మొదలైంది. 2020 జూన్‌లో ఒడిశా చేరింది. అప్పటినుంచి ఇక్కడి కార్డు గురించిన ప్రశ్న రాష్ట్రం దాటి వెళ్తోంది.

ప్రశ్నను దాచాలన్న ఆలోచన మాత్రం పాతదే. 1995లో చోర్, గోల్డ్‌రైక్, కుషిలెవిట్జ్, మన దేశంలో పుట్టిన మధు సుదాన్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్తలు కలిసి ఒక ఉపాయం చెప్పారు. ఒకే రిజిస్టర్‌కి రెండు నకళ్లు, ఒకటి భువనేశ్వర్‌లో, ఇంకోటి విశాఖలో ఉన్నాయనుకోండి. నాకు 5వ వరుసలోని అంకె కావాలి. ప్రతి వరుసకీ బొమ్మాబొరుసు వేస్తాను. 2, 3, 7 వరుసలకి బొమ్మ పడింది. భువనేశ్వర్‌ని ఆ మూడింటి మొత్తం అడుగుతాను, విశాఖని 2, 3, 5, 7ల మొత్తం. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే 5వ వరుస నా చేతిలో ఉంటుంది. (5 ముందే పడితే, రెండోచోట దాన్ని వదిలేస్తాను.) ఎవరికి వారికి కనబడేది అడ్డదిడ్డమైన అంకెల జాబితా. ఇద్దరూ కుమ్మక్కైతే మాత్రం గుట్టు రట్టే.

ఆ కుమ్మక్కు భయం లేకుండా, ఒక్క సర్వర్‌తోనే పని జరిగే దారిని 1997లో కుషిలెవిట్జ్, ఓస్ట్రోవ్‌స్కీ చూపించారు. చిక్కల్లా ఖర్చే. సర్వర్ ప్రతిసారీ రిజిస్టర్ మొత్తం తిరగేయాలి. ఏదైనా వరుస వదిలేస్తే, మనకు కావలసింది అది కాదని దానికి తెలిసిపోతుంది మరి. ఇంతకంటే డేటాబేస్ మొత్తం డౌన్‌లోడ్ చేసుకోవడమే నయమని 2007లో కొందరు పరిశోధకులు లెక్కకట్టారు. తర్వాత లెక్కలు తేలికయ్యాయి. 2024లో ఐఫోన్‌లో, ఫోన్ చేసిందెవరో చూపే సదుపాయానికి ఈ పద్ధతే వాడారు.

మన దేశంలో, అడిగిన సంగతి నమోదయ్యే విషయం కోర్టు దాకా వెళ్లింది. ఆధార్ ధ్రువీకరణ చిట్టాలను 5 ఏళ్లు దాచే నిబంధనను సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 26న కొట్టేసి, 6 నెలలు మించకూడదంది. నాకు అది సగం మందే అనిపిస్తుంది. చిట్టా చెరిపేయడం వేరు, అసలు రాయకుండా ఉండటం వేరు. రేషన్ డిపోలో వేలిముద్ర వేస్తే పేరు దాగదు, ఒప్పుకుంటా. ఉత్త విచారణకి ఎవరడిగారో తెలియాల్సిన పనేముంది?

"ఇస్తారు తాతా, ఎక్కడైనా ఇస్తారు" అన్నాడు కౌంటర్‌లోని కుర్రాడు.

వెనకనుంచి ఎవరో అందుకున్నారు: "ఎప్పుడెళ్తున్నావు మావా? ఇంటికి తాళమేనా?"