ఫెయిరీ కొలువు వైద్యురాలు ఎవరి సొత్తు?

మాయాశక్తులున్న ఫెయిరీల రాజకొలువులో అడుగుపెట్టే మనిషి పిల్ల, ఆమె చేతిలో ఉన్న వైద్యం, దానికోసం కుదిరే బేరం, బేరం తర్వాత ఒంటి మీద మిగిలే గుర్తు, ఆ కొలువు చెల్లించాల్సిన భయంకరమైన కప్పం. రొమాంటసీ అని పిలుస్తున్న ప్రేమ-మాయాలోక నవలల్లో కొత్తది ఏది పేరు తెచ్చుకున్నా ఈ అయిదింటి జాబితా బయటికొస్తుంది. ఇదంతా ఫలానా నవలలోంచి ఎత్తేశారని ఒక వర్గం పేజీలు పక్కపక్కన పెట్టి చూపిస్తుంది. ఇవన్నీ అందరివీ, ఎవరి సొత్తూ కావని రెండో వర్గం వాదిస్తుంది. గొడవ ఇప్పుడు మళ్లీ రాజుకుంది.

ఫెయిరీల పుట్టుపూర్వోత్తరాలు, షేక్‌స్పియర్ రాణులు, పిల్లల బొమ్మల పుస్తకాల్లోని రెక్కల బొమ్మలు పాఠకులకు కొత్త కాదు. వాటిని వదిలేద్దాం. ఈ తగవుకు మూలం కవిత్వంలో లేదు, స్కాట్లాండ్ నేరవిచారణ కాగితాల్లో ఉంది. పైన చెప్పిన అయిదింటిలో నాలుగు, వైద్యంతో సహా, ఒకే మనిషి కేసులో కనిపిస్తాయి. ఆమె ఫైఫ్ ప్రాంతపు ఆలిసన్ పియర్సన్. విచారణ తేదీ 1588 మే 28.

పన్నెండేళ్ల వయసులో కాలూచేయీ పడిపోతే తనకు నయం చేసింది విలియం సింప్సన్ అనే బంధువని ఆలిసన్ చెప్పింది. అతను చదువుకున్న వైద్యుడు, ఆమె మాటల్లో ఫెయిరీల మధ్య తిరుగుతున్నవాడు. ఏ జబ్బుకు ఏ మూలిక, దాన్ని ఎలా వాడాలి అన్నది తనకు నేర్పింది అతనేనంది. ఎల్ఫేమ్, అంటే ఫెయిరీల రాజ్యపు రాణి కొలువులో తన రక్తసంబంధీకులు ఉన్నారని కూడా చెప్పింది. పెనాలు, నిప్పు పెట్టుకుని ఫెయిరీలు లేపనాలు కాచడం చూశానంది. సూర్యుడు పొడవకముందే వాళ్లు మూలికలు కోస్తారని, తానూ అలాగే కోస్తానని చెప్పింది. వాళ్లలో ఒకరు కొట్టిన దెబ్బకు ఎడమపక్క సత్తువ పోయి, ఒంటి మీద స్పర్శ తెలియని నీలపు మచ్చ మిగిలింది. వాళ్లలో పదోవంతు ఏటా నరకానికి పోతుందని, వాళ్లు తీసుకుపోకుండా శిలువ గుర్తు వేసుకొమ్మని సింప్సన్ హెచ్చరించాడు. కొలువు, వైద్యం, గుర్తు, కప్పం అన్నీ ఇందులోనే ఉన్నాయి. లేనిది బేరం ఒక్కటే, అది ఇంకో కేసులో దొరుకుతుంది.

ఈ కేసును మలుపు అనడానికి కారణం ఆలిసన్ దగ్గర వైద్యం చేయించుకున్న రోగి. ఆయన సెయింట్ ఆండ్రూస్ ఆర్చ్‌బిషప్ ప్యాట్రిక్ ఆడమ్‌సన్. రాజు ఆరో జేమ్స్ పక్షాన నిలబడి, బిషప్పుల పెత్తనం వద్దనే ప్రెస్బిటేరియన్లతో పోరాడుతున్న మనిషి. ఆయన జబ్బుకు ఆలిసన్ ఉడికించిన కోడి తినిపించింది. మందు కలిపిన క్లారెట్ వైన్ ఒక క్వార్ట్ రెండు గుక్కల్లో తాగించింది. ఆయన కోలుకోవడంతో ప్రత్యర్థులకు అస్త్రం దొరికింది. బిషప్పు మంత్రగత్తె చేతి మందు తిన్నాడంటూ 1584లో రాబర్ట్ సెంపిల్ ఎగతాళి కావ్యమే రాశాడు. అంతకుముందే ఆలిసన్‌ను పట్టుకుని బిషప్పు కోటలోనే ఉంచారు, అక్కడి నుంచి తప్పించుకుంది. అయిదేళ్ల తర్వాత మళ్లీ దొరికింది. రోగికి దక్కింది వెక్కిరింత, వైద్యురాలికి చితి. కాగితం అంచున లాటిన్లో రెండే మాటలున్నాయి: దోషి, దహనం.

నేటి నవలల్లో నడిచే కథ ఇదే, ఫలితం మాత్రం తలకిందులు. ఒక వైద్యురాలి నైపుణ్యం అధికారంలో ఉన్నవాడికి అవసరమవుతుంది. దాంతో ఆమె రెండు పక్షాల మధ్య ఇరుక్కుంటుంది. ఆలిసన్‌ను ఆ చిక్కు చంపింది, నవలానాయికను కిరీటం దాకా తీసుకుపోతుంది. ఈ బీజం ఎవరి నవలలోనో ముందు మొలిచిందనేవాళ్లు నాలుగు వందల ఏళ్లకు పైగా వెనక్కి వెళ్లాలి.

బేరం కోసం ఇంకా పన్నెండేళ్లు వెనక్కి వెళ్లాలి. 1576 నవంబరు 8, ఎడిన్‌బరో. ఎయిర్‌షైర్‌లోని లిన్ గ్రామానికి చెందిన బెస్సీ డన్‌లప్ విచారణ. ఆమె పురిటి మంచం దిగి ఎన్నాళ్లో కాలేదు. భర్తకూ బిడ్డకూ జబ్బు, ఆవు చావుబతుకుల్లో ఉంది. ఏడుస్తూ ఆవుల్ని తోలుకెళుతుంటే నెరిసిన గడ్డం, బూడిదరంగు కోటు, చేతిలో తెల్లబెత్తంతో ఒక పెద్దమనిషి ఎదురయ్యాడు. పేరు థోమ్ రీడ్. 1547లో పింకీ యుద్ధంలో చనిపోయినవాడు. బిడ్డ, ఆవు దక్కవు గానీ భర్త బతుకుతాడని చెప్పాడు. జ్ఞానస్నానం నాడు స్వీకరించిన మతాన్ని వదులుకుంటే సంపద, గుర్రాలు, ఆవులు ఇస్తానన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. మరోసారి ఎల్ఫేమ్ కొలువులో ఉండే పన్నెండుమందిని చూపించాడు, ఎనిమిదిమంది ఆడవాళ్లు, నలుగురు మగవాళ్లు. తమతో వస్తావా అని వాళ్లు అడిగితే ఆమె బదులు చెప్పలేదు. పురిటి మంచం మీద ఉన్నప్పుడు ఇంటికొచ్చి దాహం అడిగిన స్థూలకాయురాలే ఎల్ఫేమ్ రాణి అని థోమ్ తర్వాత చెప్పాడు.

బెస్సీ వైద్యం ఎలా నడిచేదో ఈ కాగితాలు విడమరిచి చెబుతాయి. ఎవరైనా సాయం అడిగితే ఆమె సొంతంగా చికిత్స చేయదు, థోమ్‌ను అడిగి వస్తుంది. అతను బీట్ దుంపలాంటి వేరు ఇచ్చి, ఉడికించి లేపనం చెయ్యాలనో ఎండబెట్టి పొడి కొట్టాలనో చెబుతాడు. లేడీ జాన్‌స్టన్ ఇంటి ఆడపిల్లకు మూర్ఛలొస్తే, గుండె చుట్టూ చేరిన చల్లటి రక్తమే కారణమని నిర్ణయించాడు. ఘాటైన ఏల్ బీరులో లవంగాలు, అల్లం, సోంపు, అతిమధురం, తెల్ల పంచదార వేసి కాచి ఆ రసం తాగించమన్నాడు. బెస్సీకి అందిన ప్రతిఫలం ఒక పెక్ (ధాన్యం కొలత) పిండి, కాస్త చీజ్. ఇంకో కులీన స్త్రీ, లేడీ కిల్‌బోవీ, వంకరపోయిన కాలు చూపించినప్పుడు మాత్రం థోమ్ కుదరదన్నాడు. ఎముకలో మూలుగ పోయింది, రక్తం మొద్దుబారింది, ఇంకెవరి దగ్గరికి వెళ్లినా మరింత చెడుతుందన్నాడు. బెస్సీని కూడా కాల్చేశారు.

ఈ ఇద్దరి కథల్లో ప్రేమ లేదు. అది 1598 జనవరిలో అబర్దీన్ విచారణలో వస్తుంది, అదీ ఒక మగవాడి నోట. ఆండ్రో మాన్ చిన్నపిల్లాడిగా ఉన్నప్పుడు ఎల్ఫేమ్ రాణి వాళ్లింటికి వచ్చి ప్రసవించింది, అతను నీళ్లు తెచ్చిచ్చాడు. అందుకు ప్రతిఫలంగా అన్ని జబ్బులూ నయం చేసే శక్తి ఇస్తానంది, చావు ఖాయమైనవాటిని తప్ప. పెద్దయ్యాక ఆమెతో ఏళ్ల తరబడి కాపురం చేశానని, పిల్లలు కూడా కలిగారని అతను చెప్పాడు. ఆ రాణి కోరుకున్నప్పుడు ముసలిదవుతుంది, కోరుకున్నప్పుడు పడుచుదవుతుంది. నచ్చినవాణ్ణి రాజును చేస్తుంది, నచ్చినవాడితో శయనిస్తుంది. ప్రేమ, వైద్యం, సింహాసనం ఒకే వాంగ్మూలంలో చేరడం ఇక్కడ చూస్తాం. నేటి నవలల్లో ప్రభువు ఉండే చోట అక్కడ రాణి ఉంది, అంతే తేడా.

ఈ మాటల్ని స్వేచ్ఛగా చెప్పిన కథలుగా చదవకూడదు. 1563 చట్టం ప్రకారం మంత్రవిద్యకు మరణశిక్ష ఉన్న కాలంలో, ప్రశ్నించేవాళ్లు అడిగినదానికి జవాబుగా వచ్చి, గుమాస్తాలు అభియోగాల రూపంలో రాసుకున్న మాటలివి. వాటిలో ఎంత ఆ నిందితులదో, ఎంత అధికారులదో విడదీయడానికి చరిత్రకారులు ఇప్పటికీ కష్టపడుతున్నారు. కానీ మూలికల పేర్లు, ఏల్ బీరు, పిండి కొలత వంటివి ప్రశ్నించేవాడి ఊహలోంచి రావు. ఆ భాగంలో వినిపించేది రోజూ వైద్యం చేసిన మనిషి గొంతు.

కాగితాల కట్టల్లోంచి ఇవి పాఠకుల్లోకి రావడానికి రెండు శతాబ్దాలకు పైగా పట్టింది. నవలాకారుడు వాల్టర్ స్కాట్ 1830లో మంత్రవిద్య మీద రాసిన లేఖల్లో బెస్సీ, ఆలిసన్‌ల కథలు చెప్పాడు. 1833లో రాబర్ట్ పిట్‌కైర్న్ స్కాట్లాండ్ ప్రాచీన నేరవిచారణల సంపుటాల్లో మూలపాఠాలే అచ్చువేశాడు. 1841లో పాత పత్రాలు అచ్చువేసే స్పాల్డింగ్ క్లబ్ అబర్దీన్ రికార్డులను వెలువరించింది. ఏడేళ్లకోసారి నరకానికి కప్పం కట్టే కొలువు, దాని నుంచి ప్రియుణ్ణి లాక్కొచ్చే అమ్మాయి ఉన్న పాటను ఫ్రాన్సిస్ చైల్డ్ తన జానపద గేయాల సంకలనంలో 39వ సంఖ్యగా చేర్చాడు. 1976లో క్యాథరిన్ బ్రిగ్స్ ఫెయిరీ నిఘంటువు వచ్చాక మంచి కొలువు, చెడ్డ కొలువు అనే విభజన రచయితలందరి బల్లమీదికి చేరింది. 1987లో అమెరికన్ నగర నేపథ్యపు నవలల్లోకి, 2015 తర్వాత ఋతువుల పేర్లున్న కొలువుల రూపంలో లక్షలమంది చేతుల్లోకి వెళ్లింది. ఈ మజిలీల్లో ఎవరూ ఎవరి జేబూ కొట్టలేదు.

అవతలి వర్గం వాదనలోనూ పట్టించుకోవలసింది ఉంది. ముడిసరుకు ఉమ్మడిదే కావచ్చు, దాన్ని పేర్చిన తీరు ఒకరిది కదా అని వాళ్లు అడుగుతారు. 2022లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో ఒక రచయిత్రి, అచ్చుకాని తన రాతప్రతిని వాడుకున్నారంటూ ఈ నవలలకు దగ్గరి చుట్టమైన వాంపైర్ ప్రేమకథల సిరీస్ మీద వేసిన కేసులో ప్రశ్న అదే. అమెరికన్ చట్టం దీనికి గీసిన గీత పాతదే. ఊహకు రక్షణ లేదు, దాన్ని వ్యక్తం చేసిన తీరుకే ఉంది. ఒక నాటకం, ఒక సినిమా మధ్య 1930లో వచ్చిన వ్యాజ్యంలో న్యాయమూర్తి లెర్నెడ్ హ్యాండ్ ఇంకో మాట కూడా చెప్పారు: పాత్రను ఎంత తక్కువగా మలిస్తే దానికి అంత తక్కువ రక్షణ. ‘వైద్యం తెలిసిన ధైర్యస్తురాలు’ అన్నంతవరకే మలిచిన నాయికను ఎవరైనా తీసుకోవచ్చు.

అందుకే పక్కపక్కన పేజీలు పెట్టేవాళ్లు ముందు వడపోత పెట్టాలి. విచారణ కాగితాల్లో, పాత పాటల్లో ఉన్నదంతా తీసేయాలి. ఏ కొలువు కథకైనా తప్పని విందులు, ముసుగు నాట్యాలు, సింహాసనం గదులు కూడా తీసేయాలి. మిగిలినదాన్ని పోల్చాలి: సన్నివేశాలు అదే వరసలో వస్తున్నాయా, ఆ రచయిత కొత్తగా కల్పించిన నియమాలు, పేర్లు ఉన్నాయా, వాక్యాలు కలుస్తున్నాయా, మొదటి పుస్తకంలోని పొరపాట్లు రెండోదాంట్లోనూ ఉన్నాయా. పొరపాటు కలవడం గట్టి సాక్ష్యం. అసలు రెండో రచయితకు మొదటి ప్రతి చూసే అవకాశం ఉందా అన్నది విడిగా తేల్చాలి. చర్చకు పెడుతున్న జాబితాల్లో ఎక్కువ భాగం మొదటి వడపోతకే నిలవదు.

అనుకరణ కంటే పెద్ద లోపం వైద్యాన్ని రాసే తీరులో ఉంది. చెయ్యి ఆనిస్తే చాలు, గాయం మూసుకుపోతుంది. దాంతో కథలో ఎవరి ప్రాణానికీ ముప్పు ఉండదు. మూడోవంతు దాటాక రచయితకు ఇబ్బంది మొదలై, నాయిక శక్తి ఉన్నట్టుండి ఉడిగిపోయిందని రాయాల్సొస్తుంది, అది అతుకని పాఠకుడికి తెలిసిపోతుంది. పాత వాంగ్మూలాల్లో వైద్యానికి హద్దు మొదటి నుంచీ ఉంది. రోగ నిర్ణయం వేరేవాడి చేతిలో ఉంటుంది. సరుకులు కావాలి, కాయడానికి సమయం కావాలి. లేడీ కిల్‌బోవీ కాలు విషయంలో జరిగినట్టు కాదనే హక్కు కొలువుకు ఉంటుంది. నయమైతే మెప్పు రోగి ఇంటికి, నింద వైద్యురాలికి. ఈ చట్రంలో ప్రేమకథ అల్లితే నాయిక తీసుకునే ప్రతి నిర్ణయానికీ బరువొస్తుంది.

మంత్రవిద్య చట్టం కింద శిక్షపడినవాళ్లకు 2022 మార్చి 8న నాటి ఫస్ట్ మినిస్టర్ నికోలా స్టర్జన్ స్కాట్లాండ్ పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. పిట్‌కైర్న్ సంపుటాల మీద ఇప్పుడు ఎవరికీ కాపీరైట్ లేదు. వాటిలోంచి తీసుకోవడానికి అనుమతి అక్కర్లేదు, రుసుమూ లేదు. అయినా ఈ కొలువులు కట్టుకునే నవలాకారులు పుస్తకం చివరి కృతజ్ఞతల్లో ఆలిసన్, బెస్సీ పేర్లు రాయాలి. మొదటి ప్రతి తమదేనని వాదించే ఇరుపక్షాల రచయితలూ ముందు తీర్చాల్సిన బాకీ అది.