ఫ్యాన్ తీసేశాం సరే, ఆ వేడి ఎటు పోవాలి?

ఇంట్లో సొంతంగా మ్యూజిక్ సర్వర్, అంటే పాటల ఫైళ్లు దాచి ప్లే చేసే కంప్యూటర్, కట్టుకునేవాళ్లకి మొదటి గొడవ ఫ్యాన్ మోతతోనే. స్పీకర్లకీ, డిజిటల్ పాటని అనలాగ్ సిగ్నల్‌గా మార్చే డాక్‌కీ లక్షలు పోసి, రాత్రి వీధి సద్దుమణిగాక కూర్చుని ప్లే నొక్కితే తంబూరా శ్రుతి వెనకాల పెట్టెలోంచి సన్నగా ఇంకో శ్రుతి వినబడుతుంది. 9 రెక్కల ఫ్యాన్ నిమిషానికి 1200 సార్లు తిరిగితే రెక్కలు సెకనుకి 180 సార్లు గాలిని కొడతాయి, అంటే 180 హెర్ట్జ్ దగ్గర, మగగొంతు పలికే చోటే, ఒక స్వరం వచ్చి కూర్చుంటుంది. కాకపోతే ఫ్యాన్ వేగం సగానికి తగ్గిస్తే చప్పుడు సుమారు 15 డెసిబెల్స్ పడిపోతుంది, ఇది చాలామంది అనుకునేదానికన్నా చాలా ఎక్కువ. అందుకే చిన్న ఫ్యాన్‌ని వేగంగా తిప్పే బదులు 140 మిల్లీమీటర్లది మెల్లగా తిప్పుకుంటే సగం సమస్య అక్కడే తీరిపోతుంది. కానీ మనవాళ్లకి సగం తీరితే నిద్ర పట్టదు కదా, ఫ్యాన్ అసలు ఉండకూడదు.

అసలు పాట ప్లే చేయడానికి ప్రాసెసర్‌కి ఎంత పనుంటుందో చూడండి. సీడీ క్వాలిటీ అంటే సెకనుకి 44,100 శాంపిల్స్ (శబ్దం కొలతలు), 16 బిట్స్, రెండు చానెల్స్, మొత్తం సెకనుకి 14 లక్షల బిట్స్ చిల్లర. నాణ్యత పోకుండా కుదించిన ఫ్లాక్ ఫైల్ విప్పి దాన్ని డాక్‌కి పంపడం ఇంటెల్ ఎన్100 లాంటి 6 వాట్ల చిప్‌కి కూడా ఒక పని కాదు. వేడంతా ఎక్కడ పుడుతుందంటే, అదే పాటని హెచ్‌క్యూప్లేయర్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో డీఎస్‌డీ 512 అనే ఒక్క బిట్ అతివేగ ఫార్మాట్‌కి మార్చి పంపుతాం అన్నప్పుడు. అక్కడ ఒక్కో చానెల్‌కి సెకనుకి 2 కోట్ల 25 లక్షలకి పైగా శాంపిల్స్ తయారవ్వాలి, శాంపిల్స్ మధ్య ఖాళీలు నింపే లెక్క, అంటే ఫిల్టర్, పెద్దది పెట్టామంటే 65 వాట్ల చిప్ కూడా ఆయాసపడుతుంది.

ఇప్పుడు ఆ వేడి చిప్‌లోంచి గదిలోకి రావాలి. ఓమ్ సూత్రం లాంటిదే ఇక్కడా లెక్క, వోల్టేజీ బదులు ఉష్ణోగ్రత తేడా, కరెంటు బదులు వాట్లు. ఒక ఫ్యాన్ లేని కేసులో చిప్ నుంచి గది గాలి దాకా మొత్తం నిరోధం వాట్‌కి 0.9 డిగ్రీలు అనుకుందాం. 65 వాట్లకి 58 డిగ్రీల పైన తేడా వస్తుంది. యూరప్‌లో కూర్చుని రివ్యూ రాసేవాడి గది 22 డిగ్రీలుంటే చిప్ 80 దగ్గర ఆగుతుంది, వాడు బ్రహ్మాండం అని రాసేస్తాడు. అదే పెట్టె మే నెలలో విజయవాడలో ఏసీ లేని హాల్లో 38 డిగ్రీల్లో పెడితే 96 దాటుతుంది, ఇంటెల్ డెస్క్‌టాప్ చిప్స్ చాలావరకు 100 దగ్గర తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి, పాట మధ్యలో తెగడం మొదలవుతుంది. కాబట్టి బయటి రివ్యూలు చదివేటప్పుడు ముందు గది టెంపరేచర్ ఎంత అని చూడాలి, రాయకపోతే ఆ రివ్యూ మనకి పనికిరాదు.

ఈ దారిలో మొదటి అడ్డం చిప్ మూతకీ రాగి దిమ్మకీ మధ్య ఉండే సందు. అందులో రాసే థర్మల్ పేస్ట్ గొప్ప వాహకం అనుకుంటారు గానీ రాగి కన్నా పదుల రెట్లు నాసి, అయితే గాలి కన్నా వంద రెట్ల పైనే నయం, దాని పనల్లా సందులో గాలిని బయటికి తోసేయడమే, అందుకని పల్చగా ఉంటేనే మంచిది. అక్కణ్ణించి వేడిని కేసు పక్క గోడ దాకా మోసేవి హీట్ పైపులు. మామూలుగా 6 మిల్లీమీటర్ల రాగి గొట్టం, లోపల గాలి తీసేసి కాస్త నీళ్లు వదిలి మూసేస్తారు, పీడనం తక్కువ కాబట్టి 45, 50 డిగ్రీలకే నీళ్లు ఆవిరైపోతాయి. ఆవిరి చల్లటి కొసకి పోయి మళ్లీ నీరై, లోపలి గోడకి పట్టించిన రాగి పొడి పొరలోంచి దీపం వత్తి నూనె పీల్చినట్టు వెనక్కి వస్తుంది. 50 వాట్లు మోయడానికి సెకనుకి ఆవిరవ్వాల్సిన నీళ్లు 0.02 గ్రాములే! 1944లోనే జనరల్ మోటార్స్‌కి చెందిన గాగ్లర్ దీనికి పేటెంట్ తీసుకున్నా ఎవరూ పట్టించుకోలేదు, 1963లో లాస్ అలమోస్‌లో జార్జ్ గ్రోవర్ మళ్లీ సొంతంగా కనిపెట్టాక, అంతరిక్ష పరికరాల పుణ్యాన ఊపందుకుంది. బిగించేటప్పుడు గొట్టాన్ని నొక్కి చప్పిడి చేయకూడదు, మెలి తిప్పకూడదు, గాడిలో కూడా పేస్ట్ రాయాలి, స్క్రూలు ఎదురెదురువి కొంచెం కొంచెంగా తిప్పుతూ రావాలి. కేసుని నిలబెట్టి వేడి కొస పైకి వచ్చేలా పెడితే నీళ్లు ఎదురెక్కాల్సి వస్తుంది, పని మందగిస్తుంది.

అసలు కష్టం ఆఖర్న, లోహం నుంచి గాలికి. ఫ్యాన్ లేకపోతే చదరపు మీటరుకి ఒక్కో డిగ్రీ తేడాకి గాలి తీసుకుపోయేది 5 వాట్ల చుట్టూ, రేడియేషన్‌గా, అంటే వేడి కిరణాలుగా, పోయేది ఇంచుమించు అంతే. ఆ లెక్కన 25 డిగ్రీల తేడాతో 50 వాట్లు పోవాలంటే 0.2 చదరపు మీటర్లు కావాలి, ఫిన్స్ (కేసు గోడకుండే లోహపు రెక్కలు) ఒకదానికొకటి ఎదురుగా ఉండి రేడియేషన్ వాటిలో వాటికే తగులుతుంది కాబట్టి నిజానికి ఇంకా ఎక్కువే. ఫ్యాన్ లేని కేసులు చేసే స్ట్రీకామ్, హెచ్‌డీప్లెక్స్ కంపెనీల కేసుల పక్క గోడల్లో ఫిన్స్ దూరం దూరంగా, నిలువుగా ఉండేది ఇందుకే, దగ్గరగా పెడితే గాలి మధ్యలో ఇరుక్కుపోతుంది. నల్లరంగు కేసు బాగా చల్లబడుతుందనే మాట కూడా సగమే నిజం. మెరిసే వట్టి అల్యూమినియం రేడియేషన్‌లో చాలా వీక్, అదే ఆనొడైజ్ చేస్తే, అంటే పైన ఆక్సైడ్ పొర పట్టిస్తే, ఎన్నో రెట్లు మెరుగవుతుంది, కానీ ఇన్‌ఫ్రారెడ్‌లో వెండి రంగు ఆనొడైజింగ్‌కీ నలుపుకీ పెద్ద తేడా లేదు, నచ్చింది కొనుక్కోవచ్చు.

మన ఇళ్లలో తిరిగే సీలింగ్ ఫ్యాన్ గురించి బయటివాళ్లు రాయరు. ఆ కాస్త గాలి తగిలినా ఫిన్స్ వదిలే వేడి బాగా పెరుగుతుంది. పైగా సీలింగ్ ఫ్యాన్ కింద కూర్చుని ప్రాసెసర్ ఫ్యాన్ వినబడుతోంది అని ఎవరైనా అంటే నేను నమ్మను.

కేసు మార్చే ముందు పైసా ఖర్చు లేని పని ఒకటుంది. చిప్ తాగే పవర్ వోల్టేజీ వర్గంతో పెరుగుతుంది, 10 శాతం వోల్టేజీ తగ్గిస్తే పవర్ దాదాపు 19 శాతం తగ్గుతుంది. బయాస్‌లో (కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు తెరిచే సెట్టింగులు) చిప్ వేగం తనంతట తానే పెంచుకునే టర్బో ఆపేసి పవర్ లిమిట్ 35 వాట్లకి దించితే పైన చెప్పిన విజయవాడ హాల్లోనే చిప్ 70 దగ్గర నిలబడుతుంది. టెస్ట్ మాత్రం పది నిమిషాలు చేసి వదిలేయకూడదు, 5 కిలోల అల్యూమినియం ఒక్క డిగ్రీ వేడెక్కాలంటే 4,500 జౌల్స్ కావాలి, కేసు పూర్తిగా కుదురుకోవడానికి రెండు గంటలు పడుతుంది, ఈలోపు కనబడే నంబర్లన్నీ మోసమే.

ఫ్యాన్ తీసేస్తే సౌండే మారిపోయింది, స్టేజ్ (వాయిద్యాలు పరుచుకుని ఉన్నట్టు వినబడే జాగా) వెడల్పయింది అనేవాళ్లతో నాకు పేచీ ఉంది. ఇప్పటి యూఎస్‌బీ డాక్‌లు చాలావరకు అసింక్రనస్, అంటే టైమింగ్ ఇచ్చే క్లాక్ డాక్‌లోనే ఉంటుంది, డేటా బఫర్‌లో (తాత్కాలిక నిల్వ) ఆగి దాని టైమింగ్ ప్రకారమే బయటికొస్తుంది. ఫ్యాన్ చేసే నష్టం చెవికి తగిలే మోత వరకే, ఆ మోత గదిలో లేకుండా చేయడానికి పక్క గది కూడా పనికొస్తుంది. బరువు పనంతా చేసే సర్వర్‌ని లోపలి గదిలో మామూలు ఫ్యాన్‌తోనే వదిలేసి, లాన్ కేబుల్ లాగి, డాక్ పక్కన ఆ 6 వాట్ల చిన్న పెట్టె ఒక్కటి పెట్టుకోండి, దాని వేడికి అరచేయంత హీట్‌సింక్ చాలు.