వదలని జ్వరం, పనిచేయని మూత్రపిండం

పిల్లవాడికి నెలల తరబడి జ్వరం వస్తూ పోతూ ఉంటుంది. అన్నం సయించదు, ఒళ్ళు చేయడు, ముఖం పాలిపోతుంది. గోదావరి డెల్టా పల్లెల్లో ఇలాంటి పిల్లలకు ముందు దిష్టి తీస్తారు, ఆ తర్వాత నాలుగు రోజుల యాంటీబయాటిక్ పడుతుంది. జ్వరం తగ్గగానే మందు ఆపేస్తారు. మూత్రపరీక్ష మాట ఎవరూ ఎత్తరు. నాకు బాధ కలిగించేది ఇదే.

అలాంటి పిల్లల్లో ఎక్కడో ఒకరికి ఉండేది క్సాంథోగ్రాన్యులోమాటస్ పైలోనెఫ్రైటిస్ అనే మూత్రపిండ జబ్బు. 1916లో ష్లాగెన్‌హాఫర్ అనే వైద్యుడు తొలిసారి వర్ణించిన ఈ జబ్బు పిల్లల్లో చాలా అరుదు. సాధారణంగా ఒక మూత్రపిండానికే వస్తుంది. గుర్రపుడెక్క అడ్డుపడిన పంటకాలువలో నీరు మురిగినట్టు, రాయి అడ్డుపడిన మూత్రపిండంలో మూత్రం నిలిచి చీము పడుతుంది. ప్రోటియస్ అనే బ్యాక్టీరియా యూరియాను విడగొట్టి మూత్రాన్ని క్షారంగా మారుస్తుంది; దాంతో రాళ్ళు ఇంకా పెరుగుతాయి. చనిపోయిన కణజాలంలోని కొవ్వును మింగి మింగి రక్షక కణాలు ఉబ్బుతాయి. క్రమంగా అసలు మూత్రపిండం పోయి, ఆ చోట పసుపు రంగు గడ్డలు మిగులుతాయి.

కడుపులో ఒక పక్క గడ్డ తగిలితే వైద్యుడికి ముందుగా వచ్చే అనుమానం విల్మ్స్ కణితి, అంటే చిన్నపిల్లల మూత్రపిండ క్యాన్సర్. మన దేశంలో క్షయనూ మరచిపోకూడదు. సీటీ స్కాన్‌లో మధ్యన రాయి, చుట్టూ చీముగదులు ఎలుగుబంటి పంజా ఆకారంలో కనిపిస్తే దారి దొరికినట్టే. రాయి లేని పిల్లల్లోనే చిక్కు. విల్మ్స్‌కు చాలాచోట్ల ఆపరేషన్‌కు ముందే కీమోథెరపీ మొదలుపెడతారు. ఈ జబ్బులో ఆ మందుతో పనిలేదు. తీసిన మూత్రపిండాన్ని సూక్ష్మదర్శిని కింద చూశాకే నిజం తేలిన సందర్భాలు చాలా ఉన్నాయి.

జబ్బు మూత్రపిండమంతా పాకితే దాన్ని తీసేయడమే చికిత్స. ముందు యాంటీబయాటిక్స్ ఇస్తారు, అవసరమైతే రక్తం ఎక్కిస్తారు, చీము తోడతారు. ఆపరేషన్ తేలిక కాదు: మూత్రపిండం పేగుకూ, నడుము కండరానికీ, ఒక్కోసారి పెద్ద రక్తనాళాలకూ అతుక్కుపోయి ఉంటుంది. అందుకే అమలాపురం వైపు పిల్లలను కాకినాడ పెద్దాసుపత్రి వంటి చోటికి పంపాలి. జబ్బు ఒక మూలకే పరిమితమైతే ఆ భాగం తీస్తే చాలు. కొందరికి దీర్ఘకాలం మందులతోనే నయమైంది.

“ఒక్క కిడ్నీతో ఎలా బతుకుతాడండీ?” అని తల్లులు అడుగుతారు. తీసేది అప్పటికే పనిచేయడం మానేసినది. రెండోది ఆరోగ్యంగా ఉంటే కాస్త పెరిగి ఆ పని కూడా చేస్తుంది. ఏటా రక్తపోటు, మూత్రంలో ప్రోటీను చూపించుకుంటూ ఉండాలి.