దేవుడు ఉన్నాడని చూపించే వాదన గ్రీకుల దగ్గర ఎలా పుట్టింది

దేవుడున్నాడా లేడా అని చర్చ ఎక్కడ మొదలైనా ఎవరో ఒకరు "ఇంత పొందికైన లోకం దానంతటదే వచ్చేస్తుందా" అంటారు. ఈ వాదనకి దాదాపు 2400 ఏళ్ల వయసుంది. గ్రీకు రాతల్లో అది వివరంగా కనిపించేది సోక్రటీస్ నోట, అదీ దైవద్రోహం కేసు పెట్టి విషం తాగించిన ఆ సోక్రటీస్ నోటే.

అంతకు ముందే క్రీ.పూ. 6వ శతాబ్దంలో పుట్టిన జెనోఫనీస్ అనే కవి గట్టి మాటన్నాడు, ఇథియోపియా వాళ్ల దేవుళ్లు నల్లగా చప్పిడి ముక్కుతో ఉంటారు, గ్రీసుకి ఉత్తరాన ఉన్న థ్రేస్ వాళ్ల దేవుళ్లకి నీలి కళ్లు ఎర్ర జుట్టు, ఎద్దులకీ గుర్రాలకీ చేతులుండి బొమ్మలేయడం వస్తే అవి కూడా దేవుణ్ణి తమలాగే వేసుకుంటాయి అని. చాలామంది దీన్ని నాస్తికత్వం అనుకుంటారు, కాదు. రూపంలో గానీ ఆలోచనలో గానీ మనిషిలా ఉండని ఒక గొప్ప దేవుడున్నాడనే ఆయన చెప్పింది. తర్వాత ప్రొటాగొరస్ అనే తత్వవేత్త మాత్రం దేవుళ్లు ఉన్నారో లేరో నాకు తెలీదు, విషయం అంతుపట్టనిది, మనిషి ఆయుష్షేమో చిన్నది అని ఓపెన్‌గా రాసేశాడు.

ఇక సోక్రటీస్. ఆయన శిష్యుడు జెనోఫోన్ రాసిన జ్ఞాపకాల్లో అరిస్టోడెమస్ అని ఒకాయన వస్తాడు, బలులివ్వడు, సోదె అడగడు, అవి చేసేవాళ్లని చూసి నవ్వుతాడు. సోక్రటీస్ ఆయనకి మన మొహాన్నే చూపించాడు. కన్ను సున్నితం కాబట్టి దానికి తలుపుల్లా రెప్పలు, చూడాలంటే తెరుచుకుంటాయి, నిద్రలో మూసుకుంటాయి, గాలికి అడ్డంగా జల్లెడలా వెంట్రుకలు, నుదుటి చెమట కంట్లోకి కారకుండా చూరులా కనుబొమలు, కొరకడానికి ముందు పళ్లు, నమలడానికి దవడ పళ్లు. ఇదంతా ఏదో అలా జరిగిపోయిందా, బుద్ధి ఉన్నవాడి పనా అని అడిగాడు. ఇలాంటి మనిషికి క్రీ.పూ. 399లో ఏథెన్స్ మరణశిక్ష వేసింది, ఊరి దేవుళ్లని ఒప్పుకోడు, కొత్త దైవాల్ని తెస్తున్నాడు, కుర్రాళ్లని చెడగొడుతున్నాడు అని.

ప్లేటో ముసలితనంలో రాసిన 'చట్టాలు' 10వ భాగంలో వేరే దారి పట్టాడు, ఒకదాన్ని ఇంకోటి కదుపుతోందంటే మొదట్లో తనంతట తాను కదిలేది ఒకటుండాలి, అదే ఆత్మ, ఆకాశాన్ని నడిపే అలాంటి ఆత్మలే దేవుళ్లు అని. అదే పుస్తకంలో, దేవుళ్లు లేరనేవాణ్ణి, మంచివాడైనా సరే, కనీసం 5 ఏళ్లు జైల్లో పెట్టి బుద్ధి చెప్పాలి, మళ్లీ అదే నేరానికి దొరికితే చంపాలి అనీ రాశాడు. గురువు విచారణ కళ్లారా చూసినవాడు ఇలా రాయడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

అరిస్టాటిల్ తాను కదలకుండా అన్నిటినీ కదిలించేది ఒకటుంది అన్నాడు, ఎపిక్యూరస్ అనే మరో తత్వవేత్త దేవుళ్లున్నారు కానీ మన గొడవ వాళ్లకి పట్టదన్నాడు. సోక్రటీస్ వాదాన్ని అందుకుని పెంచింది స్టోయిక్కులు, అంటే లోకాన్ని దైవబుద్ధే నడుపుతోందని నమ్మిన ఒక తత్వవేత్తల బృందం. వాళ్లకి ఎదురు నిలిచినవాడు కార్నియడీస్ అనే తత్వవేత్త, క్రీ.పూ. 2వ శతాబ్దం. గ్రీకుల పెద్ద దేవుడు జ్యూస్ దేవుడైతే ఆయన తోడబుట్టినవాడు, సముద్రానికి అధిపతి పొసైడన్ కూడా దేవుడే, సముద్రం దేవుడైతే నది ఎందుకు కాదు, నైలు దేవుడైతే మిగతా నదులు, చివరికి వాగులు కూడా కావాలిగా, ఎక్కడ ఆపుతారు అని అడిగాడు. ఇదంతా దేవుళ్లని తీసిపారేయడానికి కాదు, స్టోయిక్కుల వివరణ ఏమీ తేల్చలేదని చూపించడానికే అన్నాడని తర్వాత రోమన్ రచయిత సిసెరో రాశాడు.