బాస్ దగ్గర ఓడుతున్నది మీ వేళ్లు కావు: పాత వీడియో గేములపై అపోహలు - వాస్తవాలు

పాత గేమ్ కన్సోళ్లను బాగుచేయడం నా వృత్తి. నా బల్ల మీదికి వచ్చే పెట్టెల్లో చాలావాటికి అసలు జబ్బే ఉండదు. తెచ్చినవాళ్లు మాత్రం బాస్ గురించి, అంటే ఆటలో ఒక దశ చివర ఎదురయ్యే బలమైన శత్రువు గురించి, దాదాపు ఒకే మాట చెబుతారు: "చిన్నప్పుడు ఈ బాస్‌ను అలవోకగా కొట్టేవాణ్ని. ఇప్పుడు రెండు నిమిషాలు కూడా నిలవలేకపోతున్నాను. కంట్రోలర్ పాడైందా, నా చేతులే మందగించాయా?" చివరి ప్రశ్న దగ్గర గొంతు తగ్గిపోతుంది. ఈ వారం మళ్లీ ఇద్దరు అడిగారు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: వయసు మీద పడితే పాత ఆటల బాస్‌లు చేతికి చిక్కవు

ఇంతగా నష్టం చేసిన అపోహ ఇంకొకటి లేదు. దీన్ని నమ్మి, ఇష్టంగా దాచుకున్న కన్సోళ్లను అమ్మేసుకున్నవాళ్లున్నారు. కంట్రోలర్ మీద కంట్రోలర్ కొన్నవాళ్లున్నారు. వయసుతో పాటు చురుకుదనం కొంత తగ్గే మాట నిజమే. కానీ నా దగ్గరికి వచ్చినవాళ్లలో ఎక్కువమందిని ఓడిస్తున్నది వయసు కాదు, ఎదురుగా ఉన్న టీవీ.

1980లలో ఈ ఆటలు చేసినవాళ్ల ముందున్నది ట్యూబ్ టీవీ. కన్సోల్ పంపిన సిగ్నల్‌ను అది గీత తర్వాత గీతగా, అందింది అందినట్టు తెర మీద గీసేస్తుంది. ఇప్పటి టీవీ అలా చేయదు. ఫ్రేమును ముందు మెమరీలో పెట్టుకుంటుంది, సాగదీస్తుంది, అంచులు నునుపు చేస్తుంది, రంగులు దిద్దుతుంది. దానికి తోడు పాత కన్సోళ్ల 240పి సిగ్నల్‌ను (240 గీతల పూర్తి బొమ్మ) చాలా టీవీలు 480ఐ (రెండు సగాలుగా వచ్చే 480 గీతల బొమ్మ) అనుకుని, సగం సగం బొమ్మలను అతికే పనికి దిగుతాయి. వాటిని అతకాల్సిన అవసరమే లేదు. ఈ చాకిరీ అంతటికీ సమయం పడుతుంది. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకు దాదాపు 17 మిల్లీసెకన్లు. టీవీ 100 మిల్లీసెకన్లు తినేస్తే మీకు కనిపిస్తున్నది ఆరు ఫ్రేముల కిందటి బాస్. మీరు గుద్దేసరికి అతను అక్కడ ఉండడు.

నడిచి దూకే చోట ఈ తేడా పెద్దగా తెలియదు. బాస్ దగ్గరే బయటపడుతుంది. 1987లో వచ్చిన పంచ్-అవుట్ అనే బాక్సింగ్ ఆటలో బాల్డ్ బుల్ అనే ప్రత్యర్థిని గుర్తుచేసుకోండి. వెనక్కి వెళ్లి, గెంతుకుంటూ మీదికి దూసుకొస్తాడు. సరైన క్షణంలో కడుపులో గుద్దితే ఒక్క దెబ్బకే కూలిపోతాడు. క్షణం అటూ ఇటూ అయితే కూలేది మీరే. ఆ క్షణం ఎంత సన్నటిదంటే ఆరు ఫ్రేముల ఆలస్యానికి అందులో చోటే లేదు. అదే ఆటలో మైక్ టైసన్ మొదటి 90 సెకన్లు విసిరే అప్పర్‌కట్‌లలో (కింది నుంచి పైకి విసిరే గుద్దుల్లో) ఏ ఒక్కటి తగిలినా నేల కరవాల్సిందే. ఆలస్యం చేసే టీవీ మీద అతనితో తలపడుతూ "నాకు చేతకావడం లేదు" అని కుమిలిపోయేవాళ్లను చూస్తే నిజంగా బాధేస్తుంది.

నలభై దాటిన ఒకాయన ఈ బాల్డ్ బుల్ కోసమే కన్సోల్ పట్టుకొచ్చారు. అంతకుముందు ఇంకెవరో పరీక్షించకుండానే కంట్రోలర్ పోర్టు మార్చాలని చెప్పారట. నేను పెట్టె విప్పలేదు. నా దగ్గరున్న ట్యూబ్ టీవీకి కలిపి, ఆయన కంట్రోలర్‌నే ఆయన చేతికి ఇచ్చాను. మొదటిసారి ఓడారు. బొటనవేలు గమనించాను: దెబ్బ కనిపించకముందే బటన్ నొక్కేస్తోంది. ఇంట్లో టీవీ ఆలస్యానికి వేలు అలా అలవాటు పడిపోయింది. "ముందే నొక్కకండి, కనిపించాకే కొట్టండి" అన్నాను. మూడోసారి బుల్ నేల మీద ఉన్నాడు. ఆయన ఏమీ మాట్లాడలేదు. కంట్రోలర్ తీగను వేలికి చుట్టుకుంటూ, తెర వైపే చూస్తూ ఉండిపోయారు. ఆ కన్సోల్‌కు నేను చేసిన మరమ్మతు అంటూ ఏమీ లేదు.

మీ టీవీ సంగతి తేల్చుకోవడానికి పరికరాలేవీ అక్కర్లేదు. కన్సోల్ నుంచి ఆడియో తీగను టీవీకి కాకుండా నేరుగా ఒక స్పీకరుకు కలపండి. బ్లూటూత్ స్పీకరు మాత్రం వద్దు, దానికీ సొంత ఆలస్యం ఉంటుంది. ఇప్పుడు మెగా మ్యాన్ 2 లాంటి ఆటలో ఒక బాస్‌ను ఓడించి చెవి ఒగ్గండి. పేలుడు మోత, పేలుడు బొమ్మ ఒకేసారి వస్తే టీవీ మంచిదే. మోత ముందు వినిపించి, బాస్ తర్వాత పేలాడా? ఆ మధ్యనున్న ఎడమే మీరు ఇన్నాళ్లూ మోస్తున్న భారం. శబ్దం టీవీ గుండా వెళ్తే ఈ తేడా తెలియదు, ఎందుకంటే బొమ్మతో కలవడానికి టీవీ శబ్దాన్ని కూడా ఆపి వదులుతుంది.

ఇక మందు. టీవీ సెట్టింగుల్లో, ఈ చాకిరీని తగ్గించే గేమ్ మోడ్ పెట్టండి. చాలా టీవీల్లో అది ఒక్కో ఇన్‌పుట్‌కు వేరుగా ఉంటుంది కాబట్టి కన్సోల్ తగిలించిన ఇన్‌పుట్‌కే పెట్టారో లేదో చూసుకోండి. దానితో తీరకపోతే 240పిని సరిగ్గా గుర్తించే అప్‌స్కేలర్ (పాత సిగ్నల్‌ను కొత్త టీవీకి తగ్గట్టు పెంచే పెట్టె) వాడండి. చవకగా దొరికే హెచ్‌డీఎంఐ కన్వర్టర్లు చాలావరకు టీవీ చేసే పొరపాటే చేస్తాయి, వాటితో ఆలస్యం పెరుగుతుందే కానీ తగ్గదు. ట్యూబ్ టీవీ దొరికితే అంతకంటే కావలసిందేముంది. బాతులను కాల్చే డక్ హంట్ ఆట తుపాకీకి ఎలాగూ అదే కావాలి, ఎల్‌సీడీ తెర మీద అది పనిచేయదు.

అపోహ: బాస్ ఫైట్‌లో సంగీతం తెగిపోతే సౌండ్ చిప్ పోయినట్టే

ఈ పుకారు పుట్టించినవాళ్ల మీద నాకు ఓపిక లేదు. నింటెండో వారి పాత కన్సోల్ ఎన్ఈఎస్‌లో శబ్దానికి ఉన్నవి అయిదే ఛానెళ్లు: రెండు పల్స్, ఒక ట్రయాంగిల్, ఒక నాయిస్, ఒక శాంపిల్. పాటకూ తుపాకీ మోతకూ ఈ అయిదే దిక్కు. మీరు కాల్చినప్పుడల్లా ఆ మోత ఒక ఛానెల్‌ను లాక్కుంటుంది, ఆ కాసేపు పాటలో ఒక వాద్యం ఆగుతుంది. బాస్ దగ్గర ఆపకుండా కాలుస్తారు కాబట్టి పాట చిరిగినట్టు వినిపిస్తుంది. బాస్ పడిపోయాక వచ్చే విజయ సంగీతం అంత నిండుగా వినిపించడానికి ఒక కారణం ఇదే అని నా నమ్మకం: పోటీ పడే మోతలు లేక ఛానెళ్లన్నీ పాటకే దక్కుతాయి. చిప్ మార్చమని ఎవరైనా అంటే ముందు టైటిల్ తెర పాట వినండి. అది నిండుగా ఉంటే చిప్ బాగున్నట్టే.

పాట మొత్తం నెమ్మదిగా సాగుతోందా? మీది పాల్ అనే టీవీ పద్ధతికి చేసిన, సెకనుకు 50 ఫ్రేముల (50 హెర్ట్జ్) కన్సోల్ అయ్యుంటుంది. వేగం సర్దకుండా వదిలేసిన ఆటలు అందులో దాదాపు 17 శాతం నెమ్మదిగా నడుస్తాయి. బాస్ కూడా అంతే నెమ్మది. 60 హెర్ట్జ్‌లో అదే ఆట ఆడి "కష్టం పెంచేశారు" అని కంగారు పడేవాళ్లు దీన్ని గుర్తుంచుకోవాలి.

అపోహ: ఆట ఒకటే అయితే కష్టమూ ఒకటే

కాదు. కాంట్రా: హార్డ్ కోర్ జపాన్ ప్రతిలో మూడు దెబ్బల వరకు తట్టుకోవచ్చు. అమెరికా ప్రతిలో ఒక్క దెబ్బకే ప్రాణం పోతుంది. ఆర్కేడ్ యంత్రాల్లోనైతే (దుకాణాల్లో నాణెం వేసి ఆడే పెట్టెల్లో) బోర్డు మీది చిన్న డిప్ స్విచ్‌లతో ప్రాణాల సంఖ్యను, కష్టాన్ని యజమానే మార్చుకోగలడు. కాబట్టి ఎవరో "నేను ఒక్క ప్రాణంతో పూర్తిచేశాను" అంటే ఏ ప్రతిలో అని అడగండి. మీరు తక్కువని ఒప్పుకోవాల్సిన పని లేదు.

అపోహ: కార్ట్రిడ్జ్‌లో ఊదితే పనిచేస్తుంది

కార్ట్రిడ్జ్ అంటే కన్సోల్‌లో గుచ్చే ఆట పెట్టె. అది పనిచేసింది ఊదినందుకు కాదు, తీసి మళ్లీ పెట్టినందుకు. నోటి తేమ రాగి కాంటాక్టులకు చేటు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడిచి, బాగా ఆరనివ్వండి. దీని గురించి ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

అపోహ: సేవ్ నిలవకపోతే కార్ట్రిడ్జ్ చచ్చినట్టే

సాధారణంగా చచ్చేది లోపలి నాణెం బ్యాటరీ, కార్ట్రిడ్జ్ కాదు. బ్యాటరీ మార్చవచ్చు, ఆట మళ్లీ సేవ్ అవుతుంది. అయితే పాత బ్యాటరీలో ఇంకా కొంత జీవం ఉన్నప్పుడు, వేరే కరెంటు ఏర్పాటు లేకుండా దాన్ని ఊడదీస్తే ఎన్నో ఏళ్ల కిందటి మీ సేవ్ ఆ క్షణమే చెరిగిపోతుంది. దాన్ని ముందే కంప్యూటర్‌లోకి తీసిపెట్టుకోవడానికి కార్ట్రిడ్జ్ రీడర్లు ఉన్నాయి. చనిపోయిన అన్నయ్య పేరుతో ఉన్న సేవ్ ఫైలును కాపాడమని ఒకామె నాకు కార్ట్రిడ్జ్ ఇచ్చారు. సేవ్ తీసిపెట్టి, బ్యాటరీ మార్చి, తిరిగి ఎక్కించి, తెర మీద ఆ నాలుగు అక్షరాలు కనిపించేదాకా నాకు ఊపిరాడలేదు. లోపలి సేవ్ మీకు కావాలా అని అడగకుండా స్క్రూ విప్పబోయే మనిషి చేతికి మీ కార్ట్రిడ్జ్ ఇవ్వకండి.