సీ డ్రైవ్ నిండిపోయిందా? డిలీట్ నొక్కే ముందు ఈ అపోహలు వదిలించుకోండి

కంప్యూటర్లు బాగుచేసే పని నాది. డ్రైవ్ మీద ఎర్ర గీత కనిపించగానే చాలామంది చేసే మొదటి పని చేతికి దొరికింది డిలీట్ చేయడం. చోటు ఎక్కడ పోతోందో చూసుకోకుండా మొదలుపెడితే రోజంతా కూర్చుని ఫొటోలు ఏరి పారేసినా 2 జీబీ తేలదు, అదే డ్రైవ్‌లో ఎవరికీ గుర్తులేని పాత ఫోన్ బ్యాకప్ ఒకటి 50 జీబీ ఆక్రమించుకుని హాయిగా ఉంటుంది. నా దగ్గరికి వచ్చే కంప్యూటర్లలో ఎక్కువగా విండోస్‌వే కాబట్టి ముఖ్యంగా దాని గురించే రాస్తున్నాను.

అపోహ: చిన్న చిన్న ఫైళ్లు వందల కొద్దీ తీసేస్తే బోలెడు చోటు వస్తుంది

రాదు. ఒక వర్డ్ ఫైల్ కేబీల్లో ఉంటుంది, ఒక సినిమా జీబీల్లో ఉంటుంది. ముందు విజ్‌ట్రీ, విన్‌డిర్‌స్టాట్, ట్రీసైజ్ లాంటి ఉచిత టూల్ ఒకటి పెట్టుకుని, దాన్ని అడ్మినిస్ట్రేటర్‌గా రన్ చేసి, ఏ ఫోల్డర్ ఎంత తింటోందో పెద్దది పైన వచ్చేలా చూడండి. అడ్మినిస్ట్రేటర్‌గా ఎందుకంటే లేకపోతే కొన్ని ఫోల్డర్ల లోపలికి వెళ్లలేక వాటి సైజు లెక్కలోకే రాదు. నేను ముందుగా చూసేవి ఇవి: ప్రోగ్రామ్‌లు తమ డేటా దాచుకునే యాప్‌డేటా అనే దాగి ఉండే ఫోల్డర్, మొబైల్‌సింక్ ఫోల్డర్‌లోని ఐఫోన్ బ్యాకప్‌లు, వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ల క్యాష్ (త్వరగా తెరవడానికి దాచుకునే తాత్కాలిక ఫైళ్లు), స్క్రీన్ రికార్డింగ్‌లు, వర్చువల్ మెషిన్ (కంప్యూటర్ లోపల నడిపే మరో కంప్యూటర్) డిస్కులు. ఈ చివరివాటితో ఒక చిక్కుంది. లోపల ఫైళ్లు తీసేసినా బయట ఆ డిస్క్ ఫైల్ దానంతట అది తగ్గదు, విడిగా కుదించాలి.

అపోహ: డిలీట్ చేశానంటే చోటు ఖాళీ అయినట్టే

రీసైకిల్ బిన్‌లో ఉన్నంతకాలం అది డ్రైవ్ మీదే ఉంది. ఇది అందరికీ తెలుసనుకుంటాం గానీ, బిన్‌లో 30, 40 జీబీ పెట్టుకుని "ఎంత డిలీట్ చేసినా తగ్గడం లేదండీ" అంటూ వచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. స్టోరేజ్ సెన్స్ ఆన్ చేసుకుంటే బిన్‌లో 30 రోజులు దాటినవి వాటంతట అవే పోయేలా పెట్టుకోవచ్చు. టెన్షన్‌లో ఉన్నప్పుడు షిఫ్ట్ డిలీట్ మాత్రం వాడకండి, అది బిన్‌లోకి వెళ్లకుండా నేరుగా పోతుంది.

బిన్ ఖాళీ చేసినా చోటు పెరగకపోతే రిస్టోర్ పాయింట్ల వైపు, అంటే తేడా వస్తే వెనక్కి వెళ్లడానికి విండోస్ దాచుకునే పాత స్థితుల వైపు చూడండి. సిస్టమ్ ప్రొటెక్షన్‌లోకి వెళ్తే అవి ఎంత వాడుతున్నాయో కనిపిస్తుంది, గరిష్ఠ పరిమితి అక్కడే తగ్గించుకోవచ్చు. మ్యాక్‌లో అయితే దాని బ్యాకప్ టూల్ టైమ్ మెషిన్ తీసే లోకల్ స్నాప్‌షాట్లు ఇదే పని చేస్తాయి. పెద్ద వీడియో తీసేసినా స్నాప్‌షాట్ దాన్ని పట్టుకునే ఉంటుంది, చోటు అవసరం పడినప్పుడు సిస్టమే పాత స్నాప్‌షాట్లు వదిలేస్తుంది.

అపోహ: డెస్క్‌టాప్ మీద పెడితే సీ డ్రైవ్‌లో ఉన్నట్టు కాదు

మామూలుగా డెస్క్‌టాప్ కూడా సీ డ్రైవ్‌లోని ఒక ఫోల్డరే. డాక్యుమెంట్స్ నుంచి తీసి డెస్క్‌టాప్ మీద పెడితే ఒక్క ఎంబీ కూడా మిగలదు. అలాగే డెస్క్‌టాప్ మీది ఐకాన్ తీసేస్తే ప్రోగ్రామ్ పోదు, అన్‌ఇన్‌స్టాల్ చేస్తేనే పోతుంది.

అపోహ: క్లౌడ్‌లో ఉంది కదా, కంప్యూటర్లోంచి తీసేయొచ్చు

డబ్బు కన్నా విలువైనవి పోయేది ఎక్కువగా ఇక్కడే, అందుకే కాస్త నిదానంగా చదవండి. వన్‌డ్రైవ్ ఫోల్డర్ సింక్ అవుతోందంటే, ఇక్కడా అక్కడా ఒకే ఫైల్‌ని రెండు చోట్ల ఒకేలా ఉంచుతోందని. ఇక్కడ డిలీట్ చేస్తే క్లౌడ్‌లోనూ పోతుంది, అదే అకౌంట్ ఉన్న మిగతా కంప్యూటర్లలోనూ పోతుంది. క్లౌడ్ రీసైకిల్ బిన్‌లో కొన్నాళ్లు ఉంటుంది, కానీ గమనించేలోపు ఆ గడువు దాటిపోతే చేసేదేమీ లేదు. చోటు కావాలంటే ఆ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి 'ఫ్రీ అప్ స్పేస్' నొక్కండి. పేరు కనిపిస్తూనే ఉంటుంది, సరుకు మాత్రం క్లౌడ్‌లోనే ఉంటుంది, తెరిచినప్పుడు మళ్లీ దిగుతుంది. ఆ సమయంలో నెట్ ఉండాలి, అంతే. పిల్లల ఫొటోల్లాంటివి మాత్రం వేరే హార్డ్ డిస్క్‌లో ఒక కాపీ లేకుండా ముట్టుకోవద్దని నా దగ్గరికి వచ్చిన ప్రతి ఒక్కరికీ చెబుతాను.

అపోహ: క్లీనర్ సాఫ్ట్‌వేర్ వేస్తే అంతా అదే చూసుకుంటుంది

"1,483 సమస్యలు దొరికాయి" అని ఎర్రగా చూపించి డబ్బు కట్టమనే బాపతు ఉన్నాయి కదా, వాటి గురించే. రిజిస్ట్రీ (విండోస్ తన సెట్టింగ్స్ దాచుకునే చోటు) శుభ్రం చేయడం అంటే చోటు విషయంలో కొండను తవ్వి ఎలుకను పట్టినట్టే, తేడా కొడితే విండోస్ సరిగ్గా పనిచేయదు. బ్రౌజర్ క్యాష్ తీసేస్తే నాలుగు రోజుల్లో మళ్లీ నిండుతుంది, ఈలోగా సైట్లన్నీ నిదానంగా తెరుచుకుంటాయి. విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్ అని ఉంటుంది, మామూలు అవసరానికి అది చాలు. ఒక్క జాగ్రత్త: ఆ జాబితాలో డౌన్‌లోడ్స్ అని కూడా కనిపిస్తుంది. అది మీ డౌన్‌లోడ్స్ ఫోల్డరే. ఊపులో అన్నిటికీ టిక్ పెట్టి పోగొట్టుకోకండి.

అపోహ: విండోస్ ఫోల్డర్ ఇంత పెద్దదా, లోపల సగం తీసేయొచ్చు

విండోస్ తన సిస్టమ్ భాగాలు దాచుకునే విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ ఫోల్డర్ చూపించే సైజు చూసి భయపడతారు. అందులో చాలా ఫైళ్లు హార్డ్ లింకులు, అంటే ఒకే ఫైల్ రెండు చోట్ల కనిపిస్తుంది, ఎక్స్‌ప్లోరర్ రెండుసార్లు లెక్కేస్తుంది. చేత్తో డిలీట్ చేస్తే కంప్యూటర్ బూట్ కాకుండా పోవచ్చు. విండోస్‌లోనే ఉన్న ఇన్‌స్టాలర్ అనే ఫోల్డర్ కూడా అంతే, దాన్ని ఖాళీ చేస్తే తర్వాత ప్రోగ్రామ్‌లు అన్‌ఇన్‌స్టాలూ కావు, అప్‌డేటూ కావు.

నిజంగా తీయగలిగినవి వేరే ఉన్నాయి. కొత్త విండోస్‌కి మారాక మిగిలే విండోస్ డాట్ ఓల్డ్ ఒకటి. 10 రోజుల తర్వాత దానంతట అదే పోతుంది, తొందరైతే టెంపరరీ ఫైల్స్‌లోంచి తీయొచ్చు, కాకపోతే ఇక పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్లలేరు. రెండోది హైబర్నేషన్ ఫైల్, అంటే హైబర్నేట్ చేసినప్పుడు ర్యామ్‌లో ఉన్నది దాచుకునే ఫైల్. మామూలుగా ర్యామ్‌లో 40 శాతం దాకా ఉంటుంది, 16 జీబీ ర్యామ్ ఉంటే 6 జీబీ పైనే. హైబర్నేట్ వాడనివాళ్లు అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ కమాండ్‌తో దాన్ని ఆఫ్ చేయొచ్చు, దాంతోపాటు ఫాస్ట్ స్టార్టప్ కూడా పోతుంది. ర్యామ్ చాలనప్పుడు విండోస్ వాడుకునే పేజ్ ఫైల్ జోలికి మాత్రం వెళ్లకండి.

అపోహ: ఫొటోలు, వీడియోలు జిప్ చేస్తే సగం అవుతాయి

జేపెగ్, ఎంపీ4 ముందే కుదించి ఉన్నవి. జిప్ చేసినా దాదాపు అంతే ఉంటాయి.

అపోహ: డీఫ్రాగ్ చేస్తే చోటు పెరుగుతుంది

డీఫ్రాగ్ ముక్కలుగా ఉన్న ఫైళ్లను ఒక దగ్గరికి చేరుస్తుంది, ఖాళీ పెంచదు. ఎస్‌ఎస్‌డీకి అయితే దాని అవసరమే లేదు.

అపోహ: 512 కొంటే 476 చూపిస్తోంది, మోసం చేశారు

మోసం లేదు. కంపెనీ వెయ్యితో లెక్కిస్తుంది, విండోస్ 1,024తో లెక్కిస్తుంది. 1 టీబీ డ్రైవ్ 931గా కనిపించేది కూడా అందుకే.

అపోహ: ప్రోగ్రామ్ ఫైల్స్ కట్ చేసి డీ డ్రైవ్‌లో పేస్ట్ చేస్తే సరి

ప్రోగ్రామ్‌లు ఆగిపోతాయి. ఏదైనా మార్చాలంటే అన్‌ఇన్‌స్టాల్ చేసి డీలో మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి. డాక్యుమెంట్స్, వీడియోస్ లాంటి ఫోల్డర్లకైతే ప్రాపర్టీస్‌లో లొకేషన్ ట్యాబ్ ఉంటుంది, అక్కడి నుంచి డీకి మార్చేస్తే చాలు. చాలాసార్లు ఈ ఒక్క పనితోనే సీ డ్రైవ్ ఊపిరి పీల్చుకుంటుంది.

అపోహ: ఖాళీ చేసిన వారానికే మళ్లీ నిండిందంటే వైరసే

స్కాన్ చేయించండి, తప్పు లేదు, కానీ నేను చూసినంతలో ఎక్కువసార్లు కారణం ఏదో ఒక ప్రోగ్రామ్ ఆగకుండా రాసే లాగ్ ఫైల్, లేదా క్రాష్ అయిన ప్రతిసారీ మిగిలే డంప్ ఫైళ్లు. పైన చెప్పిన టూల్‌తో ఇవాళ ఒకసారి స్కాన్ చేసి స్క్రీన్‌షాట్ తీసుకోండి, రెండు రోజులాగి మళ్లీ చేయండి. పెరిగిన ఫోల్డర్ ఏదో కనిపిస్తుంది, అది ఏ ప్రోగ్రామ్‌దో చూసి దాని సెట్టింగ్స్‌లో లాగ్ తగ్గించండి లేదా దాన్ని అప్‌డేట్ చేయండి. ఊరికే ఆ ఫైల్ డిలీట్ చేస్తే వచ్చే వారం మళ్లీ అదే పని చేయాల్సి వస్తుంది.